శ్రీ సూర్యరాయ మహారాజు

బాపట్ల జిల్లాలో చీరాల పట్టణమునకు సమీపమున సముద్రతీరమందు వాడరేవు అను గ్రామము కలదు. ఆ పేరు మనకు పరిచితమైనదే. కాని అందలి 'వాడ' అను మాటకు అర్థమేమి? ఇండ్ల వరుసకు వాడ అని పేరు. పూర్వము ఓడను కూడ వాడ అనుచుండిరి. వాడలు వచ్చి నిలుచు రేవు గనుక అది వాడరేవు అయినది. ఒక్కొక్క తెలుగు మాటకు గల అర్థములెన్ని, ఆ మాటను ఏ కవి ఏ సందర్భమున వాడెను అను విషయములను తెలిసికొనగోరువారు తెరచి చూచు గొప్ప గ్రంథమొకటి కలదు. దాని పేరు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. అది అనేక సంపుటముల గ్రంథము. ఒక తరమువారు ప్రారంభింపగా మరియొక తరమువారు ముగించిన మహాకార్యము.

ఆ నిఘంటువు ఒక రాజు పేరు ధరించియున్నది. కాని ఆ రాజు దాని రచయిత కాడు. మాటలను ఏరినవారు, అర్థములను నిర్ణయించినవారు, అచ్చుచిత్తులను దిద్దినవారు పండితులు. అట్లయిన ఆ రాజు చేసినదేమి? ధనమిచ్చుట యొక్కటేనా? ధనమిచ్చిన రాజులు మన దేశమున అనేకులు కలరు. వారిలో పలువురి పేర్లు శాసనములతో పాటు మట్టిలో కలిసిపోయినవి. వారు కట్టించిన సత్రములు కూలినవి. ఈ రాజు ఇచ్చిన ధనము మాత్రము విద్యార్థులుగా, గ్రంథములుగా, సంస్థలుగా మారి నిలిచినది. అందులకు కారణమేమో వారి జీవితమును చదివిన తెలియగలదు.

నేటి కాకినాడ జిల్లాలోని పిఠాపురము ఒకప్పుడు గొప్ప సంస్థానము. దాని ప్రభువు రావు వేంకట మహీపతి గంగాధర రామారావుగారు. వారికి 1885వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన సూర్యరాయలు జన్మించిరి. వారి పూర్తి పేరు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. బాలునకు అయిదేండ్లు నిండకమునుపో నిండిన వెంటనేనో, 1890లో, తండ్రి గతించిరి. సంస్థానము కోర్టు ఆఫ్ వార్డ్సు వారి యాజమాన్యము క్రిందికి వచ్చినది. మైనరు జమీందారుల ఆస్తులను వారు పెద్దవారగువరకు ప్రభుత్వ పక్షమున కాపాడు కార్యాలయమునకు ఆ పేరు.

బాల్యమందే సూర్యరాయలకు పెద్ద చిక్కు సంభవించినది. గంగాధర రామారావుగారు పూర్వము ఒక బాలుని దత్తత చేసికొనియుండిరి. సంస్థానము తనకు రావలెనని ఆ దత్తపుత్రుడు వ్యాజ్యము తెచ్చెను. ఆ వ్యాజ్యము మదరాసు న్యాయస్థానములను దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. గంగాధర రామారావుగారు సూర్యరాయల పేర వ్రాసిన మరణశాసనము చెల్లునని 1899లో ప్రీవీ కౌన్సిలువారు తీర్పు చెప్పిరి. అప్పటికి సూర్యరాయలు ఇంకను బాలుడే. సంపద ఎంత గొప్పదైనను ఒక్క తీర్పుతో పోవచ్చునని ఆ బాలుడు చిన్ననాడే చూచెను.

తండ్రివలన వారికి లభించినది సంస్థానము మాత్రమే కాదు. విద్యాదానమను ధర్మము కూడ లభించినది. కాకినాడలో అంతకుముందే ఒక పాఠశాల నడచుచుండెను. గంగాధర రామారావుగారి ఉదారతవలన 1884లో అది కళాశాలగా వృద్ధిపొంది పిఠాపురము రాజావారి కళాశాల అని ప్రసిద్ధి చెందెను. గోదావరి మండలమున ఉన్నతవిద్యకు అదొక ముఖ్యస్థానమయ్యెను. తండ్రి నాటిన మొక్కకు నీరు పోయు భారము కుమారునిపై పడినది.

అయితే నీరు పోయుటకు తోటమాలి కావలెను. ఆ తోటమాలి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. వారు 1862లో మచిలీపట్టణమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులై అధ్యాపకవృత్తిని స్వీకరించిరి. యౌవనమందే భార్య గతింపగా మరల వివాహము చేసికొనలేదు. నాటి నుండి తెల్లని వస్త్రములనే ధరించుచు బ్రహ్మసమాజ ధర్మమును అనుసరించి జీవించిరి. దేవుడొక్కడే యనియు, మనుష్యులందరు సమానులనియు, స్త్రీకి పురుషునితో సమానమైన గౌరవము కలదనియు వారి విశ్వాసము. 1905 ప్రాంతమున వారు కాకినాడ కళాశాలకు ప్రధానాధ్యాపకులుగా వచ్చిరి. 1919 వరకు ఆ పదవియందుండిరి.

ఇంచుమించు ఆ కాలమందే సూర్యరాయలు వయస్సు వచ్చినవారై సంస్థాన భారమును వహించిరి. రాజునకు ఇరువది యేండ్లు దాటినవి. ఉపాధ్యాయునకు నలుబది దాటినవి. కళాశాలకు పోషకుడు రాజు. ఆ లెక్కను బట్టి ఉపాధ్యాయుడు ఉద్యోగి. కాని వారిద్దరి సంబంధము ఆ లెక్క ప్రకారము నడువలేదు. రాజు ఆ ఉద్యోగిని గురువుగా భావించిరి. ఏ కార్యము చేయదగినదో గురువు చెప్పగా, దానికి కావలసిన ధనమును రాజు సమకూర్చెడివారు. ఆజ్ఞాపింపగలవాడు వినుటకు సిద్ధపడుట సులభము కాదు. సూర్యరాయల గొప్పతనము అచ్చటనే మొదలైనది.

వారిద్దరు కూడి చేసిన పనులు ఆ కాలమునకు సాహసకార్యములు. అస్పృశ్యులని సంఘము దూరముగా నుంచిన కులముల బాలురు ఆ రోజులలో ఉన్నతవిద్యను కలలో కూడ చూడలేకుండిరి. పల్లె విడచి పట్టణమునకు వచ్చినను వారికి ఇల్లు అద్దెకిచ్చువారు లేరు. అన్నము పెట్టు పూటకూళ్ల యిల్లు లేదు. కళాశాల తలుపు తెరచియుండినను తల దాచుకొను చోటు లేనిచో చదువు సాగునా? ఈ కష్టమును నాయుడుగారు గుర్తించిరి. మహారాజు ధనమిచ్చిరి. ఆ బాలురకొరకు కాకినాడలో వసతిగృహము వెలసినది. దానికి బ్రహ్మసమాజ స్థాపకులైన రాజా రామమోహన రాయల పేరు పెట్టిరి.

బాలికల విద్య విషయమునను ఇట్లే జరిగినది. పురుషులు చదువు కళాశాలలో స్త్రీలు చదువుట తప్పని పెద్దలు తలంచు కాలమది. నాయుడుగారు ఆ తలంపును లక్ష్యపెట్టక కళాశాలలో బాలికలను చేర్చుకొనిరి. వారికి జీతము లేకుండ చదువు చెప్పు ఏర్పాటునకు మహారాజు సమ్మతించిరి. తల్లిదండ్రులు లేని పిల్లలకొరకు కాకినాడలో అనాథశరణాలయమును నెలకొల్పిరి. అందు చేరిన బిడ్డను నీ కులమేదని అడుగు పద్ధతి లేకుండెను. నాయుడుగారు తమ జీతములో అధికభాగమును బీదవిద్యార్థులకు, అనాథబాలలకు వినియోగించుచుండిరి. ఇచ్చువాడు తన భాగమును, పనిచేయువాడు తన భాగమును ఒకే కుండలో పోసినట్లయినది.

ఈ పనులను సంఘమందరు మెచ్చుకొనలేదు. ఆచారమును మన్నించువారు కోపించిరి. రాజు తలచినయెడల ఈ చిక్కులను తప్పించుకొనుట సులభము. ఒక గుడి గోపురమును కట్టించినను, నూరుమందికి సంతర్పణ చేసినను అందరు పొగడియుందురు. కాని పొగడ్త వచ్చు దానమును మాత్రమే చేయువాడు సంఘమును ఉన్నచోటనే ఉంచును. సంఘమును ముందుకు నడపగోరువాడు నిందకు కూడ సిద్ధపడవలెను. ఆ నిందలో నాయుడుగారు మాట పడిరి. మహారాజు వారి వెనుక నిలిచిరి. ధనము కంటె ఆ నిలుకడయే ఆ సంస్థలకు ఎక్కువ బలమిచ్చినది.

అది తెలుగువారు మేలుకొనుచున్న కాలము. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను తలంపు అచ్చట బలపడినది. మన ప్రాంతమునుండి దూరము పోయి చదువుకొను బాలురకు కాకినాడ కళాశాల ఆకర్షణకేంద్రమై యుండెను. తెనాలిలో పెరిగిన గుడిపాటి వేంకటచలము 1911లో ఆ కళాశాలలో చేరి నాయుడుగారి బోధలకు ఆకర్షితుడయ్యెను. ఆ తరువాత ఆయన చలము అను పేరుతో గొప్ప రచయిత అయ్యెను. కవియైన దేవులపల్లి కృష్ణశాస్త్రి కూడ నాయుడుగారి ప్రభావమునకు లోనై ఆ కళాశాలయందే కొంతకాలము అధ్యాపకులుగా నుండిరి. గురువు చెప్పిన దానినంతయు శిష్యులు అంగీకరింపలేదు. తమ త్రోవను తాము వెదకికొనిరి. అట్లు వెదకికొను ధైర్యము కలిగించుటయే మంచి విద్యాలయము చేయు పని. నాయుడుగారు 1924లో సర్ బిరుదము పొందిరి. 1925 నుండి 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. 1939లో పరమపదించిరి.

సూర్యరాయలు ఒక్క నాయుడుగారితోనే కలిసి పనిచేసిరనుకొనరాదు. వారి రెండవ సహచరుడు జయంతి రామయ్య పంతులుగారు. రామయ్యగారు 1860లో జన్మించి ప్రభుత్వోద్యోగములు చేసి, శాసనములయందును ప్రాచీన కావ్యములయందును గొప్ప పరిశ్రమ చేసిరి. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించుటలో వారు ముఖ్యులు. తెలుగున సమగ్రమైన నిఘంటువొకటి ఉండవలెనని వారి కోరిక. అంతకుముందు మంచి నిఘంటువులు లేకపోలేదు. కాని వెలుగు చూడని కావ్యములు అనేకములు తాటియాకులపైననే యుండెను. వానిని వెదకవలెను, చదువవలెను, మాటలను ఏరవలెను, ప్రతి అర్థమునకును కవిప్రయోగమును చూపవలెను. ఇది ఒక్క పండితుని చేతిలోని పని కాదు. ఒక్క సంవత్సరములో ముగియు పనియు కాదు. ఆ వ్యయమును భరించుటకు సూర్యరాయలు ముందుకు వచ్చిరి.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. నాయుడుగారు సంఘసంస్కర్త, ప్రాతను మార్చగోరినవారు. రామయ్యగారు భాషావిషయమున ప్రాతను కాపాడగోరినవారు, గ్రాంథికభాషాపక్షమునకు నాయకులు. ఇద్దరి త్రోవలు వేరు. ఒకరిని ఆదరించినవాడు మరియొకరిని దూరముంచుట లోకమున చూచుచుందుము. సూర్యరాయలు అట్లు చేయలేదు. ఏ పనికి ఎవరు సమర్థులో వారికి ఆ పనిని అప్పగించిరి. దాత తన అభిప్రాయమునకు అనుకూలమైనవారినే చేరదీసినచో అతని చుట్టు పొగడువారు మిగులుదురు, పనివారు మిగులరు.

నిఘంటువు పని మిక్కిలి మెల్లగా సాగినది. పని మొదలై పావు శతాబ్దము గడచిన పిమ్మట, 1936లో, మొదటి సంపుటము వెలువడినది. అంతకాలము ఫలము కనబడకున్నను ధనమిచ్చుట ఎంత కష్టమో ఊహింపుడు. ఒక చెరువు త్రవ్వించిన మరుసటి వానకే నీరు కనబడును. నిఘంటువు అట్టిది కాదు. 'అ' అను అక్షరముతో ఆరంభించి 'హ' అను అక్షరమునకు చేరులోపల మొదలుపెట్టినవారు ముసలివారగుదురు, కొందరు మరణింతురు. రామయ్యగారు 1941లో గతించిరి. పని ఆగలేదు. వారి వెనుక ఇతర పండితులు భారమును వహించిరి. తరువాతి సంపుటములు ఒక్కొక్కటిగా వెలువడినవి. చివరకు సంస్థానమే లేని కాలమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దానిని ఆదుకొన్నది. ఆ విధముగా రాజు మొదలిడిన పనిని ప్రజల సంస్థ కొనసాగించినది.

ఆ నిఘంటువునకు కొరత లేదని చెప్పరాదు. అది కావ్యభాషను ప్రమాణముగా తీసికొన్నది. కర్షకుని నోట, నేతగాని నోట, సముద్రముపై వల వేయు జాలరి నోట పుట్టిన మాటలకు అందు తగినంత చోటు లభింపలేదు. వ్యావహారికభాషను కోరిన గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమువారికి ఇది అసంతృప్తి కలిగించినది. ఆ కొరతను తీర్చుటకు పిదప వేరొక ప్రయత్నము జరిగినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున పల్లెపల్లెకు పోయి మాటలను సేకరించి, 1962లో వ్యవసాయవృత్తికిని, 1971లో చేనేతవృత్తికిని పదకోశములను సాహిత్య అకాడమీ పక్షమున వెలువరించిరి. చీరాల మగ్గములవంటి మగ్గములపై మాత్రమే వినబడు మాటలకు అట్లు గ్రంథస్థగౌరవము లభించినది. మంచి పని ఎన్నడును ఒక్కరితో పూర్తి కాదు. ఒకరు విడిచిన చోట మరియొకరు అందుకొనవలెను.

సూర్యరాయలకు సాహిత్యమునందును సంగీతమునందును గల ప్రీతి ప్రసిద్ధమైనది. సాక్షి వ్యాసముల రచయిత పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు పిఠాపురాస్థానమున ఆదరణ పొందిరి. జంటకవులైన వేంకట పార్వతీశ కవులును ఆ ఆస్థానమునకు సంబంధించినవారే. తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు ఆస్థాన వైణికులు. వారి వీణానాదమును విని రవీంద్రనాథ ఠాకూరు ముగ్ధులై వారిని శాంతినికేతనమునకు ఆహ్వానించిరి. రవీంద్రుని విద్యాసంస్థకును మహారాజు సాయము చేసిరి. తన భాషకు చేసిన సేవ పరభాషీయుల విద్యాలయమునకు సాయపడుటకు అడ్డు రాలేదు.

ఇట్టి ధర్మమునకు లోకమున మరియొక గొప్ప ఉదాహరణము కలదు. అమెరికాలో జూలియస్ రోజెన్‌వాల్డు అను ధనికుడొకడు ఉండెను. నాయుడుగారు జన్మించిన 1862లోనే ఆయనయు జన్మించెను. వర్తకమున గడించిన ధనమును విద్యకు వెచ్చింపదలచి, నీగ్రో జాతివారి విద్యకొరకు పాటుపడుచున్న బుకర్ టి. వాషింగ్టనుతో ఆయన చేయి కలిపెను. పాఠశాలకు కావలసిన ధనమంతయు ఆయన ఇయ్యలేదు. కొంత తానిచ్చెను. కొంత ప్రభుత్వము ఇయ్యవలెను. మిగిలినది ఆ గ్రామమువారు స్థలముగానో, కలపగానో, కాయకష్టముగానో, చిల్లర నాణెములుగానో సమకూర్చవలెను. ఈ పద్ధతిని అమెరికా దక్షిణభాగమున అయిదు వేలకు పైగా పాఠశాలాభవనములు లేచినవి. తాము మోసిన ఇటుక ఉన్న గోడను ఎవరును కూలనియ్యరు. దాత, పనిచేయువాడు, ప్రభుత్వము, ప్రజలు అను నలుగురును భుజము పెట్టినప్పుడే పల్లకి కదలును.

సూర్యరాయల జీవితమున విఫలములు లేకపోలేదు. వారు రాజకీయములయందు ప్రవేశించి జస్టిస్ పక్షమునుండి వేరుపడి, 1936 ప్రాంతమున ప్రజాపక్షమను పేర ఒక పక్షమును స్థాపించిరి. 1937 ఎన్నికలలో కాంగ్రెసు ఘనవిజయము పొందినది. ఆ పక్షము నిలువలేదు. ఆనాటి పక్షము పేరును నేడు చరిత్రకారులు మాత్రమే ఎరుగుదురు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో మదరాసు ప్రభుత్వము జమీందారీలను రద్దు చేయు శాసనము చేసెను. ప్రీవీ కౌన్సిలు వరకు పోయి గెలిచిన సంస్థానము అట్లు అంతరించినది. అది అంతరించుట న్యాయమే. ఆ సంపద ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఎండకు ఎండి వానకు తడిసి రైతు పండించిన పంటలో శిస్తుగా వచ్చినదే. అందలి కొంతభాగము విద్యారూపమున రైతుబిడ్డలకును, ఊరి వెలుపలనుంచబడిన వారి బిడ్డలకును తిరిగి చేరుట ఆ సంస్థాన చరిత్రలో కీర్తింపదగిన విషయము.

1964వ సంవత్సరము మార్చి 6వ తేదీన సూర్యరాయలు కీర్తిశేషులైరి. వారు చూచుచుండగనే రాజ్యము పోయినది. బిరుదములకు విలువ పోయినది. కాని కాకినాడ కళాశాల నిలిచినది. అది ప్రభుత్వ కళాశాలయై నేటికిని పిఠాపురము రాజావారి పేరుతోనే నడచుచున్నది. నిఘంటువు నిలిచినది. వసతిగృహమున తలదాచుకొని చదివిన బాలుర బిడ్డలు, మనుమలు విద్యావంతులైరి.

బాలబాలికలారా! దానము చేయుటకు ధనము కావలెను. కాని ధనముండినంత మాత్రమున దానము ఫలింపదు. పని తెలిసినవానిని వెదకి పట్టుకొనవలెను. అతని మాట వినవలెను. ఫలము ఆలస్యమైనను చేయి వెనుకకు తీయరాదు. నింద వచ్చినప్పుడు తోడివానిని ఒంటరిగా విడువరాదు. తాను లేనప్పుడును పని సాగునట్లు పదిమంది చేతులలో దానిని పెట్టవలెను. ఈ లక్షణములు రాజులకే కాదు. మన ఊరి గ్రంథాలయమునకు ఒక పుస్తకమిచ్చు విద్యార్థికిని కావలసినవే. పుస్తకమిచ్చి ఊరకుండక, దానిని చదివించు మిత్రుని, దానిని భద్రపరచు గ్రంథాలయాధికారిని, మరియొక పుస్తకము తెచ్చు తోటివానిని కలుపుకొని పోయినచో ఆ చిన్న దానము కూడ చిరకాలము నిలుచును.